‘శిక్ష’ అంటే చదువా, దండనా? సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఒక మాట దగ్గర తరచూ తడబాటు కలుగుతూ ఉంటుంది. ఆ మాట ‘శిక్ష’. ఇంట్లో దానికి ఒక అర్థం, గడప దాటితే మరొక అర్థం. నేను కొన్నేళ్ళుగా మా వీధివారికి ఒడియా కాగితాలు చదివి తెలుగులో చెబుతూ, తెలుగు కాగితాలను ఒడియాలో రాసిపెడుతూ వస్తున్నాను. ఈ మాట గురించి పదేపదే ఎదురైన ప్రశ్నలనూ, వాటికి నేను చెప్పే సమాధానాలనూ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఒడియా చదవడం రానివారి కోసం ఇతర భాషల మాటలన్నింటినీ తెలుగు లిపిలోనే రాశాను.

ప్రశ్న: ఇక్కడ బడులకు సంబంధించిన బోర్డుల మీద ‘శిక్షా’ అని ఎందుకు రాసి ఉంటుంది?

ఒడియాలో ‘శిక్షా’ అంటే చదువు, విద్య. మనం జిల్లా విద్యాశాఖాధికారి అనే ఉద్యోగిని ఒడియాలో ‘జిల్లా శిక్షా అధికారి’ అంటారు. బడిలో పాఠం చెప్పే ఆయన ‘శిక్షక’, ఆవిడ ‘శిక్షయిత్రి’. చదువుకున్నవాడు ‘శిక్షిత’. ఈ మాటల్లో ఎక్కడా బెత్తం ఛాయ లేదు. సరిహద్దులోని గిరిసోల దాటి ఆంధ్ర వైపు ఇచ్ఛాపురంలో అడుగుపెట్టిన మరుక్షణం అదే మాటకు జైలు, జరిమానా గుర్తుకు వస్తాయి.

మా అత్తయ్య, మామయ్యకు బదిలీ కావడంతో, నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని పలాస నుంచి బరంపురం వచ్చిన కొత్తలో జరిగిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కింటి ఒడియా ఆవిడ తోడుపెరుగు కోసం గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, మాటల మధ్యలో పిల్లవాడిని చూపిస్తూ, ‘పిలాంకు భొలొ సిఖ్యా దేబా దొరొకార్’ అన్నదట. పిల్లలకు మంచి చదువు చెప్పించాలి అని ఆవిడ ఉద్దేశం. ‘పిలా’ అంటే పిల్లలనీ, ‘దేబా’ అంటే ఇవ్వడమనీ, మన ‘క్ష’ను వీళ్ళు ‘ఖ్య’ అని పలుకుతారనీ అప్పటికే పట్టేసిన మా అత్తయ్య, తెలిసిన ముక్కలన్నీ సరిగ్గానే కూర్చుకుని, ‘మా గుంటడు ఏటి చేసినాడమ్మా, శిక్ష ఎయ్యడానికి?’ అంటూ పిల్లవాడిని వెనక్కు లాక్కున్నదట. ఆమె వ్యాకరణంలో తప్పేమీ లేదు. అర్థం ఒక్కటే గుమ్మానికి అవతల ఉండిపోయింది.

ప్రశ్న: ఇవి పలకడంలో పోలిక ఉన్న రెండు వేర్వేరు మాటలా, లేక ఒకటేనా?

ఒకటే మాట. రెండు భాషలూ దానిని సంస్కృతం నుంచే తీసుకున్నాయి. అక్కడ దాని పుట్టుక చూస్తే అసలు అర్థం చదువూ కాదు, దండనా కాదు అని తేలడం ఈ మాటలోని విశేషం.

సంస్కృతంలో ‘శక్’ అనే ధాతువుకు ‘చేయగలగడం’ అని అర్థం. శక్తి, శక్యం, అశక్తత అనే మాటలన్నీ దానివే. ఒక పనిని చేయాలనే కోరికను చెప్పడానికి సంస్కృతంలో ధాతువుకు ఒక ప్రత్యేక రూపం ఉంది. తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, తినాలనే కోరిక బుభుక్ష, విడుదల కావాలని కోరేవాడు ముముక్షువు. ఈ వరుసలోనే ‘శక్’ నుంచి ‘శిక్ష’ వచ్చింది. పిపాసలో, జిజ్ఞాసలో మొదటి అక్షరం రెండుసార్లు పలికినట్టు ఇందులో పలకదు. లభ్ నుంచి లిప్స, ఆప్ నుంచి ఈప్స వచ్చినట్టే ఇక్కడా ఆ రెట్టింపు అణగిపోతుందని పాణిని ఒక సూత్రంలో శక్ ధాతువును పేరు పెట్టి మరీ చెప్పాడు. కాబట్టి శిక్ష అంటే ‘చేతకావాలనే కోరిక’. చేతకాని పనిని చేతనయ్యేలా చేసుకోవాలన్న తపన అది. ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ‘శిక్ష విద్యోపాదానే’ అని, అంటే విద్యను అందుకోవడమనే అర్థంలో, దీనిని విడిగా కూడా చూపించింది.

ఇందుకు నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఋగ్వేదం ఏడో మండలంలోని కప్పల సూక్తంలో ఉంది. వానకాలం మొదట్లో ఒక కప్ప అరిస్తే మరొక కప్ప దానిని అందుకోవడాన్ని ఆ ఋషి ‘శాక్తస్యేవ వదతి శిక్షమాణః’ అని వర్ణించాడు. గురువు పలికిన దానిని నేర్చుకునేవాడు తిరిగి పలికినట్టు ఉంది, అని భావం. ఇక్కడ గురువు ‘శాక్తుడు’, అంటే చేతనైనవాడు. నేర్చుకునేవాడు ‘శిక్షమాణుడు’, అంటే చేతకావాలని కోరుకునేవాడు. రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి వచ్చి పక్కపక్కనే నిలబడ్డాయి. ఒకరు పలికితే పదిమంది వల్లించే వీధిబడి చదువును చూసినవారికి ఈ కప్పల పోలిక వెంటనే బోధపడుతుంది.

ప్రశ్న: వేదాంగాలలో కూడా ‘శిక్ష’ ఉన్నదని విన్నాము. అది ఏ అర్థంలో?

వేదాలు చదవడానికి తోడ్పడే ఆరు శాస్త్రాలు వేదాంగాలు. వాటిలో మొదటిది శిక్ష. అది ఉచ్చారణ శాస్త్రం. ఏ అక్షరం నోటిలో ఎక్కడ పుడుతుంది, ఎంతసేపు పలకాలి, స్వరం ఎక్కడ పైకి లేవాలి, ఎక్కడ దిగాలి అన్నది దాని విషయం. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం పేరే శీక్షావల్లి. వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని నేర్వవలసిన ఆరింటిని అది వరుసగా చెబుతుంది. అక్కడ మొదటి అక్షరానికి దీర్ఘం ఉండటం అచ్చు తప్పు కాదు, పాఠమే అలా ఉంది.

పాణినీయ శిక్ష అనే చిన్న గ్రంథంలో అక్షరాలను ఎలా పలకాలో చెప్పే ఒక పోలిక ఉంది. ‘వ్యాఘ్రీ యథా హరేత్ పుత్రాన్ దంష్ట్రాభ్యాం న చ పీడయేత్’ అని ఆ శ్లోకం మొదలవుతుంది. ఆడపులి తన పిల్లలను కోరలతో పట్టుకుని మోసుకుపోతుంది. గట్టిగా పడితే గుచ్చుకుంటాయేమో, వదులుగా పడితే జారిపోతారేమో అనే రెండు భయాల మధ్య దాని పట్టు ఉంటుంది. అక్షరాన్ని కూడా అలా పట్టాలి అంటుంది ఆ గ్రంథం. శిక్ష అన్న మాటకు ఒక భాష చదువును, మరొక భాష దండనను తీసుకున్న తరువాత ఈ శ్లోకం చదివితే, ఆ కోరలను చూసినవారు కొందరు, పిల్లకు గాయం కాకపోవడాన్ని చూసినవారు కొందరు అనిపిస్తుంది. ఇది నా ఊహే తప్ప భాషా చరిత్ర కాదు.

ప్రశ్న: నేర్చుకోవడం అనే మంచి అర్థం మన తెలుగులో దండనగా ఎలా మారింది?

ఇది అన్నింటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న. అడిగేటప్పుడు చాలామంది గొంతులో కొంచెం నామోషీ కూడా ఉంటుంది, మనవాళ్ళే మాటను పాడుచేశారన్నట్టు. ఆ నామోషీ అక్కరలేదు.

నేర్పడం, తీర్చిదిద్దడం, తప్పు సరిదిద్దడం, తప్పుకు దండించడం అన్నవి ఒకదాని పక్కన ఒకటి ఉన్న మెట్లు. ఏ భాషవారైనా వాటి మీదుగా దిగగలరు. తెలుగులో మనం ఇప్పటికీ దిగుతూనే ఉన్నాం. ‘వాడికి బుద్ధి చెబుతాను’ అన్నవాడు నీతికథ చెప్పబోవడం లేదని వినేవారందరికీ తెలుసు. ‘గుణపాఠం’ అన్న మాటలో పాఠం ఉంది కానీ పుస్తకం లేదు. ‘ఓటర్లు బుద్ధి చెప్పారు’ అని పత్రికలు రాస్తే ఓడిపోయారని అర్థం చేసుకుంటాం. బుద్ధి, పాఠం అనే రెండు మెత్తని మాటలు మన కళ్ళ ముందే ఏ దారిన నడిచాయో, శిక్ష కూడా చాలా ముందుగా ఆ దారినే నడిచింది.

పాత బడుల తీరు కూడా ఈ దారిని నున్నగా చేసి ఉంటుంది. వీధిబడిలో చదువు చెప్పే చోటు, దండించే చోటు ఒకటే. కోదండం వేయించడం, గోడకుర్చీ, తొడపాశం, గుంజీళ్ళు అన్నీ చదువులో భాగంగానే సాగాయి. పిల్లవాడిని బడిలో దిగబెట్టిన తండ్రి ‘చర్మం మీది, ఎముకలు నావి’ అని చెప్పి వెళ్ళే రోజుల్లో, అయ్యవారు ఇచ్చేదానికి రెండు పేర్లు అవసరం పడలేదు.

అయితే ఈ మార్పు ఒక్క తెలుగులో జరిగినది కాదు. కన్నడంలో ‘శిక్షె’ అంటే దండనే. మలయాళంలో ‘శిక్ష’ కూడా దండనే, మరణదండనను వారు ‘వధశిక్ష’ అంటారు. మరాఠీ, గుజరాతీలలోనూ అంతే. తెలుగులో కూడా పాత అర్థం ఒక్కసారిగా పోలేదు. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు నిఘంటువులో ఈ మాటకు అభ్యాసం, దండన అనే రెండు అర్థాలూ ఉన్నాయి.

ప్రశ్న: అయితే ఇప్పటి తెలుగులో ‘చదువు’ అనే అర్థం పూర్తిగా పోయినట్టేనా?

పోలేదు, పక్క గదిలోకి మారింది. ‘శిక్షణ’ అన్నప్పుడు మనకు కొట్టడం గుర్తుకు రాదు. కుట్టు శిక్షణ, పోలీసు శిక్షణ, ఉపాధ్యాయ శిక్షణ అని రోజూ అంటాం. శిక్షణ ఇచ్చేవాడు శిక్షకుడు. బాగా తర్ఫీదు పొందినవాడు సుశిక్షితుడు. చివర ఒక్క ‘ణ’ చేర్చితే అదే మాట పాత అర్థానికి తిరిగి వెళ్ళిపోతోంది. క్రియలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. ‘శిక్షించాడు’ అంటే దండించాడనే. నేర్పించాడు అనడానికి ‘శిక్షణ ఇచ్చాడు’ అని రెండు మాటలు వాడవలసిందే.

ప్రశ్న: ఒడియాలో ఈ మాటకు దండన అర్థం అసలు లేదా?

నేరుగా లేదు. దండన కోసం వారికి ‘దండ’ ఉంది, ‘శాస్తి’ ఉంది. మన మరణశిక్ష వారి ‘మృత్యుదండ’. మన యావజ్జీవ శిక్ష వారి ‘ఆజీవన కారాదండ’. ఇక్కడ మళ్ళీ మన చెవికి మరొక చిక్కు వస్తుంది. దండ అంటే మనకు పూలదండ కదా. ‘మృత్యుదండ’ అని ఒడియా వార్తల్లో మొదటిసారి విన్న మా పిన్ని, శవం మీద వేసే దండ కాబోలు అనుకున్నది.

కానీ చెవి పెట్టి వింటే ఒడియాలో కూడా ఆ మెట్టు కనిపిస్తుంది. ఎవరైనా మితిమీరి ప్రవర్తిస్తే అతనికి ‘ఉచిత శిక్షా’ ఇవ్వాలి అంటారు. ఇక్కడ ఉచిత అంటే తగిన అని, ఊరకే ఇచ్చేదని కాదు. తగిన బుద్ధి చెప్పాలి అన్నది దాని భావం. బెంగాలీలోనూ ఇదే పలుకుబడి ఉంది. ‘ఉచిత శిక్షా’ అన్న బోర్డునో, పత్రికలోని శీర్షికనో చూసి ఫీజు లేని చదువు అనుకునే తెలుగువారికి ఇందులో రెండు మాటలూ మోసం చేసేవే.

ప్రశ్న: శిష్యుడు, శాస్త్రం, శాస్తి అనే మాటలు కూడా ‘శిక్ష’ నుంచే వచ్చాయా?

రాలేదు. అవి ‘శాస్’ అనే వేరే ధాతువుకు చెందినవి. దానికి ఆజ్ఞాపించడం, బోధించడం, దండించడం అనే అర్థాలన్నీ మొదటి నుంచీ ఉన్నాయి. భగవద్గీత రెండో అధ్యాయంలో అర్జునుడు ‘శిష్యస్తేऽహం శాధి మాం’ అన్నప్పుడు ఆ రెండు మాటలూ ఈ ధాతువువే. రాజు రాయించేది శాసనం, గురువు చెప్పేది శాస్త్రం, తప్పు చేసినవాడికి జరిగేది శాస్తి, ఇవన్నీ విన్నవాడు శిష్యుడు. ‘తగిన శాస్తి జరిగింది’ అని మనం అన్నా, ‘శాస్తి’ అని ఒడియావారు అన్నా అర్థం ఒకటే. సరిహద్దు దాటినా అర్థం మారని మాట కావలసినవారు దానినే వాడుకోవచ్చు.

ప్రశ్న: మహారాష్ట్రలో ఉన్న మా బంధువులు అక్కడ ఈ ఇబ్బంది లేదంటారు. నిజమేనా?

నిజమే. సోలాపురం నేతపని ఇళ్ళలోనూ, సిరొంచ, రాజురా వైపు తెలుగువారి మధ్యా మా అత్తయ్యకు జరిగినట్టు జరగడం కష్టం. మరాఠీలో ‘శిక్షా’ అంటే మనకు మల్లే దండనే. ఉరిశిక్షను ‘ఫాశీచీ శిక్షా’ అంటారు. చదువుకు ‘శిక్షణ్’ అనే మాట ఉంది, ఆ శాఖ అధికారి ‘శిక్షణాధికారి’. నేర్చుకోవడం ‘శికణే’. కన్నడంలోనూ ఇదే పద్ధతి, చదువు ‘శిక్షణ’, దండన ‘శిక్షె’.

దీనిని బట్టి ఒక గీత గీయవచ్చు. హిందీ, బెంగాలీ, ఒడియా, నేపాలీ ఒకవైపు ఉండి శిక్షను చదువుగా ఉంచుకున్నాయి. మరాఠీ, గుజరాతీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలు మరొకవైపు ఉండి దండనగా మార్చుకున్నాయి. ఈ గీత ఆర్య భాషలకూ ద్రావిడ భాషలకూ మధ్య గీత కాదన్నది గమనించదగినది. మరాఠీ, గుజరాతీ వంశం చేత ఒడియాకు చుట్టాలు, అర్థం చేత మన ఇంటివారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల మనం సరిగ్గా ఆ గీత మీదే కాపురం ఉంటున్నాం.

ప్రశ్న: ఒడియావారు ‘సిఖ్యా’ అని పలకడం తప్పు కాదా?

తప్పు కాదు. ‘క్ష’ను ‘ఖ్య’గా పలకడం ఆ భాష నియమం. పరీక్ష వారికి ‘పొరీఖ్యా’. ప్రాకృతాలలో క్షకారం కొన్నిచోట్ల ‘క్ఖ’గా, కొన్నిచోట్ల ‘చ్ఛ’గా మారింది. మన పూర్వులూ ఆ పనే చేశారు. భిక్షను బిచ్చం చేసినదీ, లక్ష్మిని లచ్చి చేసినదీ మనమే కదా. హిందీలో భిక్ష ‘భీఖ్’ అయినట్టే శిక్ష ‘సీఖ్’ అయింది. నేర్చుకోవడానికి ఒడియాలో ‘శిఖిబా’, హిందీలో ‘సీఖ్నా’, పంజాబీలో ‘సిఖ్ఖణా’ అంటారు.

‘సిక్కు’ అన్న పేరు కూడా ఇక్కడే ఆగి చూడదగినది. దానిని శిష్య శబ్దం నుంచి వచ్చినదిగా చెప్పడం పరిపాటి, అర్థం కూడా శిష్యుడనే. అయితే ప్రాకృతంలో శిష్య అన్నది ‘సిస్స’ అవుతుంది, ‘సిక్ఖ’ కాదు. అందువల్ల ధ్వని మార్పును బట్టి చూస్తే నేర్చుకోవడమనే శిక్ష ధాతువు వైపే మొగ్గు ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న: మన దేశం బయట ఈ మాట ఉందా?

ఉంది. అక్కడ కూడా రెండుగానే చీలింది.

బౌద్ధం వెంట వెళ్ళిన మాట చదువుగా నిలిచింది. పాళీలో ‘సిక్ఖా’ అంటే సాధన. శీలం, సమాధి, ప్రజ్ఞ అనే మూడింటినీ కలిపి మూడు సిక్ఖాలు అంటారు. పంచశీలంలో ప్రతి నియమం చివరా ‘సిక్ఖాపదం సమాదియామి’ అని వస్తుంది. ఈ నియమాన్ని సాధనగా స్వీకరిస్తున్నాను, అని భావం. థాయిలాండ్‌లో సన్యాసం వదిలి ఇంటికి తిరిగి రావడాన్ని ‘లా సిక్ఖా’ అంటారు, సిక్ఖా నుంచి సెలవు తీసుకోవడమని దాని అర్థం. అదే దేశంలో సంస్కృత రూపం ‘సుక్‌సా’గా మారి చదువుకు పేరైంది. వారి విద్యా మంత్రిత్వ శాఖ పేరు ‘సుక్‌సాథికాన్’ అనే మాటతో ఉంటుంది. విడదీసి చూస్తే అది శిక్ష, అధికారం అనే రెండు మాటల కూర్పు. బరంపురంలో ‘శిక్షా అధికారి’ బోర్డు చూసి నవ్వుకున్న మనిషి బ్యాంకాక్‌లో దిగినా తప్పించుకోలేడన్నమాట. లావో భాషలోనూ, కాంబోడియాలోని ఖ్మేర్‌లోనూ ఈ మాట చదువే.

ఇండోనేషియాకు వెళ్ళిన మాట మాత్రం మన తెలుగు కంటే దూరం పోయింది. అక్కడ ‘సిక్సా’ అంటే చిత్రహింస. ‘సిక్సా నెరాకా’ అంటే నరకయాతన, రెండు మాటలూ సంస్కృతానివే. ఆ దీవుల్లో కూడా మొదట ఇలా లేదు. పశ్చిమ జావాలో పాత సుండా భాషలో 1518లో రాసిన ఒక నీతిగ్రంథం పేరులోనే ‘సిక్సా’ ఉంది, అక్కడ దానికి నడవవలసిన నియమాలు, ఉపదేశం అనే అర్థమే. నియమం దండనగా, దండన హింసగా మారిన మెట్లు అక్కడ ఒక్కొక్కటీ స్పష్టంగా కనబడతాయి. తెలుగు మధ్య మెట్టు మీద ఆగింది.

ప్రశ్న: ప్రభుత్వ పథకాల పేర్లను తెలుగులో ఎలా చెప్పాలి?

పథకం పేరు పేరుగానే ఉంచి, పక్కన అర్థం చెప్పడం మంచిది. కేంద్ర ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన ‘సమగ్ర శిక్షా’ పథకం ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ పేరుతోనే నడుస్తోంది. అక్కడి బోర్డును అక్షరాలా చదివితే సంపూర్ణ దండన అని వస్తుంది. దానికి ముందున్న సర్వ శిక్షా అభియాన్ అయితే అందరినీ దండించే ఉద్యమం. పేర్లు హిందీలో పెట్టేటప్పుడు దక్షిణాదిలోనో, మహారాష్ట్రలోనో ఒక్కరినైనా అడిగి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. కేంద్ర మానవ వనరుల శాఖ 2020లో తిరిగి ‘శిక్షా మంత్రాలయ’ అయినప్పుడు కూడా మన తెలుగు పత్రికలు తెలివిగా విద్యాశాఖ అనే రాశాయి.

అన్నింటికంటే విచిత్రమైనది 2009 నాటి విద్యాహక్కు చట్టం. ఒడియాలో దానిని ‘శిక్షా అధికార’ చట్టం అంటారు. తెలుగు చెవికి అది దండించే అధికారం. ఆ చట్టంలోని 17వ సెక్షను పిల్లలను బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అంటే ఒక అర్థంలో శిక్షను హక్కుగా ఇచ్చిన చట్టమే, మరొక అర్థంలో శిక్షను మాన్పించింది.

ఇబ్బంది ఎదుటివైపు నుంచీ ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి పేరును తెలుగు కాగితంలో చూసి ఒక ఒడియా మిత్రుడు, ఎవరో పెద్దమనిషి తన చదువుకునే రోజుల జ్ఞాపకాలు రాసుకున్నాడు కాబోలు అనుకున్నాడు. ఒడియాలో స్మృతి అంటే జ్ఞాపకమే మరి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఆ ఒక్క తంటా తీరింది, పాత కేసుల కాగితాల్లో తప్ప.

ప్రశ్న: ఇలా మోసం చేసే మాటలు ఇంకా ఏమున్నాయి?

చాలా ఉన్నాయి. ఒడియాలో ‘చేష్టా’ అంటే ప్రయత్నం, మనకు కోతిచేష్ట గుర్తుకొస్తుంది. ‘రాగ’ అంటే కోపం, మరాఠీలోనూ అంతే. ‘ఆలోచనా’ అంటే చర్చ, ‘ఉపన్యాస’ అంటే నవల. ‘అభిమాన’ అంటే దగ్గరివారి మీద అలక. బ్లాకు అభివృద్ధి అధికారిని ‘గోష్ఠీ ఉన్నయన అధికారి’ అంటారు, ఆయనకూ సాహిత్య గోష్ఠులకూ సంబంధం లేదు. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కథ ఉంది, ఇక్కడికి అవి అక్కరలేదు.

ప్రశ్న: మా పిల్లలు బడిలో ఒక అర్థం, ఇంట్లో ఒక అర్థం విని గందరగోళపడతారేమో. ఏదో ఒకటే వాడమని చెప్పాలా?

అవసరం లేదు. పిల్లలు ఎవరితో మాట్లాడుతున్నారో చూసి అర్థాన్ని మార్చుకుంటారు, గందరగోళమంతా మన వయసువారిదే. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టించిన రోజుల్లో ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అది ఇటు వచ్చింది. ఆ వీధుల్లో పిల్లలు అప్పుడూ రెండు మూడు భాషల మధ్యనే పెరిగారు, ఇప్పుడూ అలాగే పెరుగుతున్నారు.

ప్రశ్న: ఒడియా ధ్రువపత్రాల్లో ‘శిక్షాగత యోగ్యతా’ అని ఉంటుంది. తెలుగు కాగితంలో దానిని ఎలా రాయాలి?

విద్యార్హత అని రాయాలి. మాటకు మాట దించకూడదు, దించితే శిక్షకు తగినవాడు అని వస్తుంది.

మా వీధిలో ఒక అబ్బాయికి సంబంధాలు చూస్తున్నప్పుడు, ఒడియాలో ఉన్న అతని వివరాల కాగితాన్ని జిరాక్సు కొట్టులో ఎవరో తెలుగులోకి మార్చి ఇచ్చారు. ఎత్తు, గోత్రం, నక్షత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వాటి కింద ‘శిక్ష: డిప్లొమా, మూడేళ్ళు’ అని ఉంది. కాగితం శ్రీకాకుళం వైపు వెళ్ళింది. వారం తరువాత పిల్ల తండ్రి ఫోను చేసి, డిప్లొమా సంగతి తరువాత చూద్దాం గాని బాబూ, ఆ మూడేళ్ళు ఎందుకు పడ్డాయో ముందు చెప్పండి అన్నాడు. అబ్బాయి మేనమామ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. ఆ ఒక్క మాట కొట్టేసి ‘చదువు’ అని రాసి మళ్ళీ పంపించాం. పెళ్ళి జరిగి నాలుగేళ్ళయింది. పండక్కి వెళ్ళినప్పుడల్లా ఆ మామగారు గుమ్మంలోనే అల్లుడిని, ‘ఏం బాబూ, శిక్ష పూర్తయినట్టేనా?’ అని అడుగుతూనే ఉన్నారు.